తల్లి ఉండగానే

మా పిన్ని పాఠం చెబుతుంటే ఒకసారి చూసినవాళ్ళు మర్చిపోలేరు. కుర్చీలో కూర్చునేది కాదు. పిల్లల మధ్య నేల మీద చతికిలబడి, ఎవరో ఒకరిని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, గొంతు మాత్రం వెనక వరస దాకా వినబడేలా చెప్పేది. కొత్త అక్షరం నేర్పాలంటే ముందు దాన్ని వేలితో పిల్ల వీపు మీద రాసేది. "ఏం రాశానో చెప్పుకో చూద్దాం" అనేది. చక్కిలిగింతలకు మెలికలు తిరుగుతూనే పిల్లలు ఓనమాలు దాటేసేవాళ్ళు. నాకూ అలాగే నేర్పింది. అందుకే నాకు ఇప్పటికీ 'క్ష' రాయాలంటే వీపు జలదరిస్తుంది.

అమ్మమ్మ పోయేనాటికి పిన్నికి ఊహ తెలియదు. కాస్త పెరిగాక తాతయ్య తీసుకెళ్ళి మిషన్ హాస్టల్లో చేర్చాడు. అక్కడి వార్డెన్‌ను అందరూ పెద్దక్క అనేవాళ్ళు. ఆవిడ పెళ్ళి చేసుకోలేదు. బతుకంతా దైవసేవకే అనుకున్న మనిషి. పిన్నికి జడలు వేసింది ఆవిడ, జ్వరమొస్తే నుదుటి మీద తడిగుడ్డ వేసింది ఆవిడ, టీచర్ ట్రైనింగుకు పంపింది ఆవిడ. ఆఖరికి పెళ్ళి సంబంధం చూసింది కూడా ఆవిడే. పెళ్ళికొడుకు మిషన్ జీపులు బాగుచేసే మెకానిక్. మా బాబాయి. నోట్లోంచి మాట ఊడిపడాలంటే మనమే పానా పెట్టి తిప్పాలి. "ఈయనతో కాపురానికి వెళ్తూ ఓ రేడియో కూడా పట్టుకుపోవే" అని మా అమ్మ పెళ్ళిలోనే ఎగతాళి చేసిందట.

"మా అమ్మ ముఖం నాకు గుర్తులేదే. కళ్ళు మూసుకుని అమ్మా అనుకుంటే పెద్దక్కే కనిపిస్తుంది" అని పిన్ని నాతో ఒకసారి అంది.

పెళ్ళయి, కూతురు పుట్టి, ఆ పిల్ల ఇంకా పాలు మానకముందే పెద్దక్క ఒకరోజు ఇంటికొచ్చింది. అప్పటికి ఆవిడ హాస్టల్ వదిలి మిషన్ ఆఫీసులో పెద్ద హోదాలో ఉంది. ఫలానా దేశంలో ఫ్యాక్టరీల చుట్టూ కూలి కుటుంబాలు వచ్చి పడ్డాయనీ, తల్లులు షిఫ్టులకు వెళ్తే చంటివాళ్ళు గదుల్లో తాళాల వెనక ఉంటున్నారనీ, అక్కడ చిన్నపిల్లలకు బడి పెట్టాలనీ చెప్పింది.

"ఎవరిని పంపాలా అని మోకాళ్ళ మీద ఉండి ప్రభువును అడిగానమ్మా. నీ ముఖమే కనిపించింది" అంది.

"చంటిపిల్లతో పరాయి దేశం ఎలా పెద్దక్కా? భాష కూడా రాదే."

"పిల్లకూ రాదుగా. ఇద్దరూ కలిసి నేర్చుకోండి."

పిన్ని బాబాయి వైపు చూసింది. బాబాయి పానాలు పెట్టుకునే సంచి వైపు చూశాడు. అంతే, ప్రయాణం ఖాయమైపోయింది. పెద్దక్క చెబితే కాదనడం పిన్నికి చిన్నప్పటి నుంచీ అలవాటు లేని పని.

వాళ్ళకు ఇచ్చిన బడి నిజానికి ఒక గోదాము. దుప్పట్లూ ఆస్పత్రి బట్టలూ ఉతికే పెద్ద లాండ్రీకి వెనక వైపు ఉండేది. కిటికీ ఒక్కటే, అదీ పైకప్పుకు దగ్గరగా. రెండింటి మధ్య గోడలో ఆవిరి గొట్టం పోతుంది కాబట్టి ఆ గోడ ఎప్పుడూ వెచ్చగా ఉండేది. చలికాలంలో పిల్లలంతా బల్లులకు మల్లే దానికే అతుక్కుని కూర్చునేవాళ్ళు. సామాన్లు వచ్చిన చెక్కపెట్టెలు విప్పదీసి బాబాయి బల్లలు చేశాడు. ఆ చెక్కల మీద ఏవో కంపెనీల అక్షరాలు తలకిందులుగా ఉంటే, పిల్లలు తలలు వంచి వాటినీ చదివేసేవాళ్ళు. సబ్బు వాసన, గంజి వాసన ఇరవై నాలుగు గంటలూ. సెలవులకు వచ్చినప్పుడు పిన్ని చీరల్లోంచి కూడా ఆ వాసనే వచ్చేది.

మొదటి రోజే పెద్ద తమాషా అయింది. మధ్యాహ్నం మీకు తిండి పెడతాను అని చెప్పబోయి, ఆ భాషలో ఒక్క ముక్క తప్పడంతో, మధ్యాహ్నం మిమ్మల్ని తింటాను అని చెప్పింది పిన్ని. అదీ చిరునవ్వుతో. పిల్లలు ఒక్క పరుగున గుమ్మం దాటారు. ఒక్క పిల్ల మాత్రం కదలకుండా కూర్చుని పకపకా నవ్వింది. లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేసే ఆవిడ కూతురు. ఆ పిల్లే బయటికెళ్ళి, ఫరవాలేదు రండి, ఈవిడకు మాటలు రావంతే అని అందరినీ వెనక్కి పట్టుకొచ్చింది.

ఆ పిల్ల తల్లిని మా ఇంట్లో అందరం ఇస్త్రీ అక్క అనే అంటాం. మొగుడు లేడు. మోచేతుల దాకా వేడి మరకలు. షిఫ్టు దిగగానే కూతుర్ని తీసుకెళ్ళడానికి వచ్చి, బల్ల మీద అలా కూర్చోగానే కూర్చున్నచోటే నిద్రపోయేది. పిన్ని లేపేది కాదు. భుజాల చుట్టూ శాలువా కప్పి, ఆ పిల్లకు మరో పాఠం చెప్పేది. ఆ దేశపు భాష పిన్నికి సగం పిల్లలు నేర్పారు, మిగతా సగం, ముఖ్యంగా తిట్లు, ఇస్త్రీ అక్క నేర్పింది. కష్టమొస్తే ఒకరి గుమ్మం ఒకరు తట్టుకునేంత దగ్గరయ్యారు.

పిన్ని కూతురు కూడా ఆ పిల్లల మధ్యే పెరిగింది. మాటలు ఆలస్యంగా వచ్చాయి గానీ, వచ్చాక రెండు భాషల్లోనూ ఆగలేదు. అందుకే గిలక అని పేరు పడింది. బడిలో ఉన్నంతసేపు గిలక కూడా తనను టీచర్ అనే పిలవాలని పిన్ని కట్టడి చేసింది. తన పిల్ల అని మిగతా పిల్లలు చిన్నబుచ్చుకోకూడదని. పొద్దు పోయాక ఆఖరి తల్లి వచ్చి ఆఖరి బిడ్డను తీసుకెళ్ళేదాకా గిలకకు అమ్మ లేనట్టే. చెప్పుల పట్టీలు తనే పెట్టుకునేది, ముక్కు తనే తుడుచుకునేది. పిన్ని దాన్ని చూసి గర్వపడేది కూడా.

బడి నిలదొక్కుకున్నాక పెద్దక్క చూడ్డానికి వచ్చింది. వెంట ఒక కెమెరా అతను. చర్చి సంఘాల్లో చూపించడానికి చిన్న సినిమా తీస్తామంది. వాళ్ళున్న వారమంతా పిన్నికి పండగే. పెద్దక్కకు తన మంచం ఇచ్చి తను నేల మీద పడుకుంది. సినిమా తీసే రోజు పొద్దున్నే ఒక పిల్ల బల్ల మీంచి పడి చెయ్యి విరగ్గొట్టుకుంది. పిన్ని ఆ పిల్లనెత్తుకుని ఆస్పత్రికి పరిగెత్తింది, బాబాయి వ్యాను తోలాడు. ఇద్దరూ తిరిగొచ్చేసరికి సాయంత్రమైంది. కెమెరా పెట్టెలో సర్దేశారు.

"అంతా చక్కగా వచ్చింది. నువ్వు లేవన్న లోటే తెలియలేదు" అంది పెద్దక్క, పిన్ని బుగ్గ నిమిరి.

ఆ తర్వాతి ఏడు వాళ్ళు సెలవు మీద వచ్చారు. అప్పుడు మా సంఘంలో పెద్ద కూటం పెట్టారు. నేను కాలేజీలో చదువుతున్నాను. అమ్మ, నేను, మా మధ్య గిలక ముందు వరసల్లో కూర్చున్నాం. పిన్నిని వేదిక మీద పెద్దక్క పక్కనే కూర్చోబెట్టారు. ప్రొజెక్టర్ వైరు వదులుగా ఉండి బొమ్మ ఆగిపోతుంటే, చేతిలో పని లేక తోచని బాబాయి వెనక్కి వెళ్ళి దాన్ని పట్టుకుని నిలబడ్డాడు. లైట్లు తీసేశారు.

తెర మీద గోదాము, వెచ్చటి గోడ, పిల్లల ముఖాలు. వెనకనుంచి ఒక గొంతు చెబుతోంది, ఈ చిన్నారులకు ఈ లోకంలో ఎవరూ లేరని. ఇస్త్రీ అక్క కూతురు కనిపించింది. తాగుడుకు బానిసైన తల్లి ఈ పాపను చెత్తకుప్పల దగ్గర వదిలేసింది అంది గొంతు. పిన్ని కుర్చీలో ముందుకు వంగడం ఆ మసక వెలుతురులో నాకు కనిపించింది. తర్వాత తెర నిండా గిలక ముఖం. తల దువ్వలేదు. చెంప మీద మసి. నేరుగా మా వైపు చూస్తూ, స్పష్టమైన తెలుగులో,

"నాకు అమ్మ లేదు. నాకు ఎవరూ లేరు. టీచరే నన్ను తెచ్చుకుంది" అంది.

నా పక్కనున్న గిలక బెంచీలోంచి కిందికి జారిపోయింది. మా వెనక ఒక పెద్దావిడ, "అయ్యో, తల్లి లేని బిడ్డ, ఎంత ముద్దుగా మాట్లాడుతోందో" అని ముక్కు చీదింది. ఆ బడిలో తెలుగు మాట్లాడే పిల్ల గిలక ఒక్కతే. మాకు నేరుగా అర్థమయ్యేలా ఏడిపించాలంటే దానితోనే చెప్పించాలి మరి.

అంతలో బొమ్మ ఆగిపోయింది. హాలంతా చీకటి. "కరెంటు పోయినట్టుంది, అందరూ ప్రార్థనలో ఉండండి" అని పెద్దక్క గొంతు వినిపించింది. పైన ఫ్యాన్లు తిరుగుతూనే ఉన్నాయి. లైట్లు వేశాక చూస్తే, బాబాయి వైరు చుట్టలు చుట్టి చంకలో పెట్టుకుని నిలబడి ఉన్నాడు. ఎవరు అడిగినా ఇవ్వలేదు.

పెద్దక్క ఏమాత్రం తొణకలేదు. "మన సహోదరి ఇప్పుడు సాక్ష్యం చెబుతుంది" అని మైకు పిన్ని చేతికిచ్చింది. పిన్ని లేచి నిలబడింది. ఇప్పుడు చెబుతుంది, ఆ పిల్ల నా పిల్లేనని ఇప్పుడు అనేస్తుంది అని నేను పిడికిళ్ళు బిగించి చూస్తున్నాను. పిన్ని పెదాలు కదిలాయి. పెద్దక్క ముఖం చూసింది. "అందరికీ వందనాలు" అంది. మైకు ఇచ్చేసి కూర్చుంది. హాల్లో కానుకల సంచులు తిరగడం మొదలైంది.

కూటం అయ్యాక చర్చి పక్కగదిలో పిన్ని పెద్దక్కను అడిగింది. అమ్మ, నేను గుమ్మంలోనే ఉన్నాం.

"నా బిడ్డతో నాకు అమ్మ లేదని చెప్పించావా పెద్దక్కా?"

"చిన్న మాటకు అంత బాధపడతావేం? ఆ బల్లలు, పలకలు, పిల్లల భోజనం ఇవన్నీ ఎక్కణ్ణుంచి వస్తున్నాయనుకున్నావు? కూలివాళ్ళ పిల్లలు చదువుకుంటున్నారంటే ఎవరి కళ్ళూ తడవవు తల్లీ."

"నాకు చెప్పకుండా చేశావు."

"చెబితే ఒప్పుకునేదానివి కాదు. నీ మనసు నొప్పించడం ఎందుకని చెప్పలేదు." పెద్దక్క పిన్ని రెండు చేతులూ పట్టుకుంది. "సరే, నీకు ఇష్టం లేకపోతే ఇక ఎక్కడా చూపించను. ప్రభువు సాక్షిగా చెబుతున్నాను. సరేనా?"

పిన్ని తలూపింది. ఇంటికొచ్చే దారిలో బాబాయి ఆ సాయంత్రానికి మొదటిసారి నోరు విప్పాడు.

"నమ్ముతున్నావా?"

"పెద్దక్కండీ" అంది పిన్ని. ఆ ఒక్క మాటతో అన్నీ చెప్పేసినట్టు.

మర్నాడు వంటింట్లో గిలకను ఒళ్ళోకి లాక్కుంది. ఎందుకలా అన్నావమ్మా అని అడిగింది. గిలక ఏడవలేదు.

"పెద్దక్క అమ్మమ్మ చెప్పమంది. అలా చెబితే నీకు సంతోషమంది. మొదట నేను చెప్పనన్నాను. అప్పుడు, బడిలో ఆవిడ నీకు టీచరే కదా, అమ్మ కాదు కదా, అబద్ధం ఎలా అవుతుందంది." కాసేపు ఆలోచించి, "నిజమే కదమ్మా?" అంది.

మా అమ్మ స్టవ్ మీద ఉన్న గిన్నె దించడం మర్చిపోయింది. పిన్ని దువ్వెన అందుకుంది. గిలక జుట్టు విప్పి, దువ్వి, మళ్ళీ విప్పి, మళ్ళీ దువ్వింది. పెద్దక్క చేసిన ద్రోహం తనకొక్కదానికే అయితే మింగేసేదే. పిల్లకు ఎక్కడ నొప్పి ఉందో సరిగ్గా అక్కడే వేలు పెట్టి ఆ మాట రాబట్టిందే, అది మింగుడుపడలేదు. ఆ నొప్పి పెట్టింది తనేనన్నది అంతకంటే మింగుడుపడలేదు.

వాళ్ళు తిరిగి వెళ్ళారు. ఆ బడిలో కట్టడి ఎత్తేసింది పిన్ని. గిలక ఇష్టమొచ్చినట్టు అమ్మా అని అరుచుకోవచ్చు. కానీ గిలక వెంటనే అరవలేదు. అలవాటు తప్పిన మాట నోటికి రావడానికి చాన్నాళ్ళు పట్టింది.

సినిమా సంగతి ఇస్త్రీ అక్కకు చెప్పాలా వద్దా అని పిన్ని చాలా కొట్టుకుంది. చెబుదామని రెండు మూడుసార్లు లాండ్రీ గుమ్మం దాకా వెళ్ళింది. ఎలాగూ ఆపేస్తానంది కదా, తెలిసి ఆవిడ బాధపడటం తప్ప ఏముంది అనుకుని వెనక్కి వచ్చేసింది. పెద్దక్క తన విషయంలో అనుకున్నదీ సరిగ్గా ఇదేనని అప్పుడు తట్టలేదు.

ఒక పొద్దున బడి తీసే వేళకు ఇస్త్రీ అక్క వచ్చింది. వెంట కూతురు లేదు. చేతిలో తనతో పనిచేసే ఆవిడ ఫోను. పెద్దక్క వాళ్ళు ఆ సినిమాను ఆ దేశపు భాషలోకి మార్చి అక్కడి సంఘాల్లోనూ తిప్పారు. ఎవరో దాన్ని ఫోన్లలో పంపితే లాండ్రీ అంతా చూసింది.

"నేను తాగుతానా?" అంది ఇస్త్రీ అక్క. గొంతు పెంచలేదు. "నా పిల్లను చెత్తకుప్ప దగ్గర వదిలేశానా? చెప్పు. నువ్వు చూశావుగా నన్ను, రోజూ."

"అది నేను చెప్పింది కాదక్కా. నాకు తెలియకుండా తీశారు. ఆపేస్తామని నాకు మాటిచ్చారు."

ఇస్త్రీ అక్క ఆ మాట పట్టుకుంది.

"మాటిచ్చారా? ఎప్పుడు?"

పిన్ని చేతిలోని బడి తాళంచెవి వైపు చూసింది.

"అయితే నీకు ముందే తెలుసు. తెలిసీ ఇన్నాళ్ళూ నా పక్కన కూర్చున్నావు. నా భుజాల మీద గుడ్డ కప్పావు." ఫోను జేబులో పెట్టుకుంది. "వాళ్ళెవరో నాకు తెలియదు. వాళ్ళ మీద నాకేం కోపం లేదు. నువ్వే నాకు తెలిసినదానివి."

ఆ రోజు నుంచి ఆ పిల్ల రాలేదు. తర్వాత ఒక్కొక్కరే మానేశారు. చెయ్యి విరిగిన పిల్ల తల్లి అయితే వచ్చి గోడకు పెట్టిన పిల్లల బొమ్మలన్నీ పీకి మరీ పట్టుకుపోయింది. వారం తిరిగేసరికి ఆ గోదాములో మిగిలిన పిల్ల గిలక ఒక్కతే.

పిన్ని పెద్దక్కకు ఫోన్ చేసింది. ఇదీ సంగతి అని చెప్పింది. అవతలనుంచి నిట్టూర్పు వినబడింది.

"పిల్లలకేం, వేరే వాళ్ళు వస్తారు. నువ్వు గుండె దిటవు చేసుకో."

"నువ్వు ప్రభువు సాక్షిగా అన్నావు పెద్దక్కా."

"అన్నాను. నువ్వు అడిగిన తీరుకు మరేం అనను? పరిచర్య నీ ఒక్కదాని కోసం ఆగుతుందా?"

పిన్ని ఫోన్ పెట్టేసి, మిషన్ ఉద్యోగం మానేస్తున్నానని కబురు పంపింది. తర్వాత గిలకను వెంటబెట్టుకుని ఇల్లిల్లూ తిరిగింది. ప్రతి గుమ్మం దగ్గరా ఒకటే మాట: అందులో చెప్పినవి అబద్ధాలు, తెలిసీ మీకు చెప్పకపోవడం నా తప్పు. కొందరు ముఖం మీదే తలుపేశారు. కొందరు కుర్చీ వేశారు గానీ పిల్లల్ని మాత్రం పంపలేదు. ఇస్త్రీ అక్క తలుపు తియ్యలేదు. లోపల ఆ పిల్ల మాటలు వినబడుతూనే ఉన్నాయట.

ఇక్కడ మా సంఘంలో ఒక ఆదివారం, "పరిచర్యలో జారిపోయిన మన సహోదరి కోసం ప్రార్థిద్దాం" అని పాస్టరుగారు అన్నారు. పెద్దక్క ముందు వరసలో తల వంచుకుని ఉంది. మా అమ్మ చెప్పులేసుకుని బయటికి నడిచింది. మళ్ళీ ఆ గుమ్మం తొక్కలేదు.

మిషన్ ఇచ్చిన ఇల్లు పోయింది. బాబాయి ఒక గ్యారేజీలో చేరాడు. పిన్ని కొన్నాళ్ళు హోటల్ గదులు ఊడ్చింది. ఆ తర్వాత అక్కడి సర్కారు బడిలో ఆయాగా చేరి, పరీక్షలు రాసి, మెల్లగా టీచరైంది. ఆ ఊరు వదలలేదు. ఎందుకు పిన్నీ, తిరిగి వచ్చెయ్యొచ్చుగా అంటే, "వచ్చేస్తే ఆ తల్లులు అనుకున్నదే నిజమైపోతుంది" అంది. ఇస్త్రీ అక్క కూతురు పెద్దయ్యాక వీధిలో ఎదురైతే పలకరించేది. తల్లి మాత్రం అవతలి వైపుకు దాటేసేది.

కొన్నేళ్ళకు పెద్దక్క మంచాన పడిందని తెలిసింది. పిన్నిని చూడాలంటోందట. ఆ కబురు నేనే చేరవేశాను, వస్తుందని అనుకోలేదు. వచ్చింది. దారి పొడుగునా ఏం ఆలోచించుకుందో నాకు చెప్పలేదు గానీ, ఆస్పత్రి మెట్లెక్కుతుంటే, "ఒక్క మాట అంటే చాలే. తప్పయిందని కూడా అనక్కర్లేదు. నొప్పి పెట్టాను అంటే చాలు" అంది.

పెద్దక్క బాగా చిక్కిపోయింది. పిన్నిని చూడగానే కళ్ళు నిండిపోయాయి. చెయ్యి చాపింది. పిన్ని మంచం అంచున కూర్చుని ఆ చెయ్యి అందుకుంది. అది చూసి నేను కూడా మెత్తబడిపోయాను, ఉన్నదున్నట్టు చెబుతున్నాను.

అప్పుడు పెద్దక్క, "నిన్ను క్షమించేశానమ్మా" అంది. "మధ్యలో వదిలేసి వెళ్ళిపోయావు. చాలా బాధపడ్డాను. కానీ ప్రభువు ముందు నీ మీద నా మనసులో ఏమీ పెట్టుకోలేదు. ఆ మాట చెబుదామనే పిలిపించాను."

పిన్ని ముఖం చూసే ధైర్యం నాకు లేకపోయింది. చేతులే చూశాను. పెద్దక్క చెయ్యి వదల్లేదు. రెండో చేత్తో బల్ల మీది జావ గిన్నె దగ్గరికి జరుపుకుని, చెంచాతో మెల్లగా తాగించింది. మూతి తుడిచింది. దుప్పటి సరిచేసింది. ఆవిడ కళ్ళు మూతలు పడ్డాక లేచి బయటికొచ్చింది.

వరండాలో బెంచీ మీద కూర్చుని, "విన్నావుటే? నన్ను క్షమించిందట" అంది. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. "ఆ మనిషికి నిజంగా తెలియదే. నన్నేం చేసిందో ఆవిడకు ఇప్పటికీ తెలియదు."

"చెప్పెయ్యాల్సింది పిన్నీ, ఇప్పుడైనా."

"ఎవరికి చెప్పను? జావ కూడా మింగలేకపోతోంది."

రెండు రోజులకు పిన్ని వెళ్ళిపోయింది. ఆ నెలలోనే పెద్దక్క పోయింది. నేను ఫోన్ చేసి చెప్పాను. వస్తున్నావా అని అడిగాను.

"రాను" అంది. ఎందుకో చెప్పలేదు. ఇంకేమైనా అంటుందేమోనని ఆగాను. బడికి టైమైందని, పిల్లలు గేటు దగ్గర నిలబడి ఉంటారని చెప్పి పెట్టేసింది.